ప్రోటాన్ రాకెట్టు జయాపజయములు

జయములను చాటుటయు, అపజయములను దాచుటయు మానవస్వభావము. దీనివలన గలుగు నష్టమెట్టిదో రష్యా దేశపు ప్రోటాన్ అను గొప్ప రాకెట్టు చరిత్రము మనకు చక్కగా బోధించుచున్నది.

వ్లదీమిర్ చెలొమేయ్ అను యంత్రశాస్త్రజ్ఞుని నాయకత్వమున నిర్మింపబడిన యీ రాకెట్టు 1965వ సంవత్సరము జులై 16వ తేదీని కజకస్తానమునందలి బైకనూరు నుండి మొదటిసారి యెగిరెను. అణ్వాయుధమును మోయుటకై దీనిని తలపెట్టిరి గాని, దైవకృపచే నది యా పనికెన్నడును వినియోగింపబడలేదు. 1968లో రెండు తాబేళ్లతో జోండ్-5 నౌకను చంద్రుని చుట్టి వచ్చునట్లు పంపినదిదియే. 1971లో మొట్టమొదటి అంతరిక్షనిలయమగు సల్యూట్-1ను, 1986లో మీర్ నిలయపు మూలభాగమును, 1998లో అంతర్జాతీయ నిలయపు తొలిభాగమగు జార్యాను మోసినదియు నిదియే. నాలుగువందలకు పైగా జరిగిన ప్రయోగములలో సుమారు పదింట తొమ్మిది సఫలమైనవి.

తక్కిన పదియవవంతు మాట యేమి? 1969 మార్చి, ఏప్రిల్ మాసములలో అంగారకగ్రహమునకు పంపదలచిన రెండు నౌకలును రాకెట్టు లోపముచే నశించెను. నాటి ప్రభుత్వము వానిని గూర్చి లోకమునకు తెలియనీయలేదు.

2013 జులై 2వ తేదీ నాటి ప్రమాదమును దాచుటకు వీలులేకపోయెను. ఆకాశమున కెగసిన రాకెట్టు క్షణములలో వంకరలు తిరిగి, అరనిమిషము గడచునంతలో మూడు ఉపగ్రహములతో గూడ నేలగూలి మండిపోవుటను జనులు టెలివిజనులో కన్నులార చూచిరి. విచారణసంఘమువారు కారణమును ప్రకటించిరి: రాకెట్టు తిరుగుడును కొలుచు చిన్న సాధనములలో మూడు తలక్రిందులుగా బిగింపబడినవి! ఏ వైపు పైకుండవలెనో తెలుపు బాణపుగుర్తు వానిపై నుండెను. వందలకొలది టన్నుల రాకెట్టును కూల్చినది అరచేతి పనిలోని అజాగ్రత్తయే.

తప్పు నొప్పుకొనిన మాత్రమున సర్వము చక్కబడెనా? లేదు. 2014, 2015 సంవత్సరములలో మరల ప్రయోగములు విఫలమయ్యెను. అటుపిమ్మట ఇంజనులలో నియమింపబడిన లోహమునకు మారుగా వేరొకటి వాడబడెనని 2017లో కనుగొని, ఇంజనులను వెనుకకు రప్పించి పరీక్షించిరి. సుమారొక సంవత్సరము ప్రయోగములు నిలిచిపోయెను. 2017 జూన్‌లో మరల మొదలైన పిమ్మట 2023 మార్చి వరకు ఒక్కటియు విఫలము కాలేదు. తప్పు నొప్పుకొనుటయు, దానిని విడిచిపెట్టుటయు రెండును వలయునని మన సామెతల గ్రంథము బోధించుట యిందులకే.

ఇక మన మాట. పాఠశాల సంచికలలో ఉత్తీర్ణుల సంఖ్యను, బహుమతుల పట్టికను అచ్చువేయుదుము. తప్పినవారి ఊసెత్తము. ఎత్తినచో బాలురు అధైర్యపడుదురని కొందరందురు. పేర్లు వలదు, కాని యే విషయమున నెందరు తప్పిరో, ఉపాధ్యాయులమగు మేము దానికేమి చేసితిమో ఏటేట ప్రకటించుట మంచిదని నా యభిప్రాయము. అట్లు చేయని మేము, ప్రోగ్రెసు రిపోర్టును తండ్రికి చూపక దాచిన బాలుని ఏ నోట మందలింపగలము?

తలిదండ్రులారా, మీ బిడ్డ తక్కువ మార్కులను తానై తెచ్చి చూపిన దినమున కోపింపకుడు. విద్యార్థులారా, తప్పిన లెక్కను చెరిపివేయక, ఎచ్చట తప్పితిరో వెదకుడు. బాణపుగుర్తు అచ్చటనే యుండును.