పక్షుల అనుకరణ విద్య

అర్థం తెలియకుండా పాఠాన్ని వల్లించే విద్యార్థిని చూసి "చిలుక పలుకులు పలుకుతున్నాడు" అనడం తెలుగునాట పరిపాటి. ఈ మాట వలన విద్యార్థికి కలిగే చిన్నతనం కంటె చిలుకకు జరిగే అన్యాయమే ఎక్కువ. అనుకరణ అంటే ఆలోచన లేని ప్రతిధ్వని అని లోకం భావిస్తుంది. నిజానికి అది శ్రద్ధగా విని, గుర్తుంచుకొని, గొంతుకు సాధన చేయించి సంపాదించుకొనే విద్య.

మండనమిశ్రుని ఇంటి వాకిట చిలుకలు సైతం వేదాంత చర్చ సాగించేవని శంకరాచార్యుల చరిత్రకు సంబంధించిన గాథలు చెబుతాయి. అందులోని అతిశయోక్తిని పక్కన పెడితే ఒక సత్యం మిగులుతుంది. ఇల్లు ఏది మాట్లాడితే పక్షి దానినే నేర్చుకుంటుంది.

ఈ విద్య అన్ని పక్షులకూ లేదు. కాకి గూటిలో పెరిగిన కోకిల కాకిలా అరవదు. దాని కూత పుట్టుకతో వచ్చినది, గురువు అక్కరలేదు. చిలుకలు, పాటపిట్టలు, హమ్మింగ్ పక్షులు మాత్రం విని నేర్చుకుంటాయి. అమెరికా శాస్త్రవేత్త ఐరీన్ పెప్పర్‌బర్గ్ 1977 నుండి 2007 వరకు 'అలెక్స్' అనే ఆఫ్రికా చిలుకకు శిక్షణనిచ్చి పరిశీలించింది. అది సుమారు నూరు మాటలు నేర్చుకొని, చూపిన వస్తువు రంగును, ఆకారాన్ని అడిగితే చెప్పగలిగింది. దానిని కేవలం వల్లింపు అనలేము.

ఇంతకంటె చతురమైన పక్షి రామగుండం, గోదావరిఖని పరిసరాలలోనే ఉన్నది. కరెంటు తీగల మీద, మేసే పశువుల వీపుల మీద వాలే పసులపోలిగాడు అది. బొగ్గువలె నిగనిగలాడే మేను, చివర రెండుగా చీలిన తోక దాని గుర్తులు. తన గూటి దరికి వచ్చిన కాకిని, డేగను సైతం తరిమికొట్టే ఈ పిట్టకు హిందీలో 'కొత్వాల్' అని పేరు. ఈ కొత్వాలు ఒక్కొక్కప్పుడు డేగ కూతను అనుకరిస్తుంది. గోరువంకలు భయపడి ఎగిరిపోగానే వాటి ఆహారాన్ని తాను కాజేస్తుంది. దీని దాయాది ఒకటి ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో ఉన్నది. అది 51 రకాల హెచ్చరిక కూతలు వినియోగిస్తుందని, ఒక కూతకు మోసపోవడం మానినవారిపై మరొక కూతను ప్రయోగిస్తుందని 2014లో వెలువడిన పరిశోధన తెలిపింది. ఎవరి వద్ద ఏ మాట పనిచేస్తుందో ఎరిగి పలకడం తెలివికి నిదర్శనం కాదా!

అయితే విని నేర్చే విద్యకు ఒక ప్రమాదం ఉన్నది. వినిపించేవారు లేకపోతే విద్యయే అంతరిస్తుంది. ఆస్ట్రేలియాలోని రీజెంట్ హనీఈటర్ అనే పక్షి ఇందుకు తార్కాణం. అడవుల నరికివేత వలన వాటి సంఖ్య కొన్ని వందలకు పడిపోయింది. పాట నేర్పే పెద్ద పక్షులు దొరకక, మగ పక్షులలో సుమారు 12 శాతం ఇతర జాతుల పాటలు పాడుతున్నాయని 2021లో ఒక అధ్యయనం వెల్లడించింది. అటువంటి పక్షులకు జత కుదరడమూ కష్టమే. అక్కడ అనుకరణ చాతుర్యం కాదు, అనాథ స్థితి.

బొగ్గుగనుల ప్రాంతం ఈ ఉదాహరణను ఉపేక్షించరాదు. ఓపెన్‌కాస్టు గని కోసం ముందు చెట్టు పోతుంది. తరువాత పైమట్టి దిబ్బలై పేరుకుంటుంది. బ్లాస్టింగ్ మోతలు, డంపర్ల రొద నిత్యకృత్యమవుతాయి. రొద పక్షి గొంతును మార్చగలదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో రణగొణధ్వని ఎక్కువగా ఉన్న చోట గ్రేట్ టిట్ అనే పిట్టలు హెచ్చు స్థాయిలో పాడుతున్నాయని 2003లోనే శాస్త్రజ్ఞులు గుర్తించారు.

"గని వేల కుటుంబాలకు అన్నం పెడుతున్నది, పిట్టపాట కోసం దానిని మూయాలా?" అని ఎవరైనా అడగవచ్చు. మూయనవసరం లేదు. సింగరేణి సంస్థ ఏళ్ల తరబడి మొక్కలు నాటిస్తున్నది. 2015లో మొదలైన హరితహారంలోనూ పాలుపంచుకొన్నది. అది హర్షణీయం. కాని నాటిన మొక్కల లెక్క ఒక్కటే కొలమానం కారాదు. చిలుకలు, గోరువంకలు చెట్టు తొర్రలలో గూడు కట్టుకుంటాయి. నిన్న నాటిన మొక్కకు తొర్ర ఉండదు. అందుకు దశాబ్దాలు పడుతుంది. కనుక గని అంచులలో, కార్మికుల కాలనీలలో మిగిలిన ముసలి చెట్లను కాపాడటం మొదటి కర్తవ్యం. మట్టిదిబ్బలపై ఒకే జాతి మొక్కలు కాక ఇప్ప, తునికి, మోదుగ, మద్ది వంటి స్థానిక వృక్షాలను కలిపి పెంచడం రెండవది. పలుకుల మోజుతో రామచిలుకను పంజరంలో బంధించడం మానుకోవడం మూడవది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం కూడా.

పంజరంలోని చిలుక మనిషి మాటలు ఎన్ని నేర్చినా, వాటిని తన పిల్లలకు అందించలేదు. పాట ఒక తరం నుండి మరొక తరానికి చెవి ద్వారా అందే ఆస్తి. తవ్విన గోతిని మట్టితో పూడ్చవచ్చు, దానిపై చెట్లనూ పెంచవచ్చు. నేర్పే పెద్దలు లేక మరుగైన పాటను తిరిగి నేర్పడం ఎంత పెద్ద సంస్థకైనా సులభం కాదు.