నడుం బిగించడం అంటే బెల్టు పెట్టుకోవడం కాదు

మాది పెదకాకాని. పోయిన సంక్రాంతికి మా ఊళ్లో కబడ్డీ ఆడుతూ ఒక రైడర్ చీలమండ పట్టేశాను. వాడు లైన్ వైపు లాగుతుంటే, నేను నడుం వంచేసి బలమంతా పెట్టి వెనక్కి గుంజాను. పాయింట్ వచ్చింది. కానీ తర్వాత మూడు వారాలు షూ లేసు కట్టుకోవాలన్నా తమ్ముణ్ణి పిలవాల్సి వచ్చింది. కాలేజీ టోర్నమెంట్ కూడా పోయింది.

అందరూ ఇచ్చిన సలహా ఒకటే: "స్ప్రే కొట్టు, బెల్టు పెట్టుకో, దండీలు, బస్కీలు పెంచు." నాకైతే ఇది సగం సలహా అనిపిస్తుంది.

దండీలు ఛాతీకి, భుజాలకి మంచివి. బస్కీలు తొడలకి మంచివి. కానీ పట్టు పట్టే ఆటల్లో, అది కబడ్డీ అయినా కుస్తీ అయినా, నడుం పని వేరు. ఎదుటివాడు ఎటు లాగినా అది వంగకుండా, మెలి తిరగకుండా నిలబడాలి. వంగాల్సింది తుంటి దగ్గర, బలం రావాల్సింది పిరుదుల నుంచి, తొడల నుంచి. నేను చేసింది దీనికి పూర్తిగా రివర్స్. పైగా రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చునే సీఎస్ఈ వాణ్ణి! నా కండరాలు ఎప్పుడో స్లీప్ మోడ్‌లోకి వెళ్లిపోయాయి.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ అంటే 40 కిలోల పైమాటే. అనుభవం ఉన్న హమాలీ దాన్ని ఒంటికి ఆనించుకునే మోస్తాడు, దూరంగా పట్టుకోడు. అయినా సాయంత్రానికి నడుం నొప్పి తప్పదు. ఆయనకి వేరే దారి లేదు. మనకి ఉంది కదా!

కెనడాలో వాటర్లూ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ దశాబ్దాల పాటు వెన్నెముక మీద పరిశోధన చేసి ముఖ్యంగా మూడు వ్యాయామాలు చెప్పారు: కర్ల్-అప్, సైడ్ ప్లాంక్, బర్డ్ డాగ్. బర్డ్ డాగ్ అంటే, చేతులూ మోకాళ్లూ నేల మీద ఆనించి, కుడి చెయ్యి ముందుకీ ఎడమ కాలు వెనక్కీ చాచి, నడుం కదలకుండా 10 సెకన్లు ఆగడం. తర్వాత రెండో వైపు. వీటికి గ్లూట్ బ్రిడ్జ్ కలపండి. ఆ తర్వాత వీపు మీద నిలువుగా కర్ర పెట్టుకుని, తల, వీపు, నడుం కింది ఎముక మూడూ దానికి తగిలి ఉండేలా తుంటి దగ్గర వంగడం నేర్చుకోండి. ఇది వచ్చాకే డెడ్‌లిఫ్ట్, అదీ కోచ్ దగ్గర. కాల్లోకి నొప్పి పాకినా, తిమ్మిరి ఎక్కినా ఇవేవీ కాదు, ముందు డాక్టర్.

"బోర్ కొడుతుంది రా" అంటారు మావాళ్లు. నిజమే, చప్పట్లు కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు. కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నారని అందరం గొప్పగా చెప్పుకుంటాం. దాని వెనక ఉన్న రోజువారీ సాధన గురించి మాత్రం మాట్లాడం.

అందుకే మన టీమ్ కెప్టెన్‌కి నాదొక రిక్వెస్ట్. ప్రాక్టీస్‌లో మొదటి 15 నిమిషాలు నడుముకి ఇవ్వండి, అందరికీ కంపల్సరీ చేయండి. బోర్ కొట్టే 15 నిమిషాలా, బెంచీ మీద మూడు వారాలా అంటే, రెండోది చూసొచ్చినవాడిగా నేను మొదటిదానికే ఓటేస్తాను.