నారికురుపు

పిల్లలూ! నారికురుపు సంగతి మీ తాతగార్లనడగండి. రాయలసీమ దిగుడుబావులను తలుచుకుంటారు. ఆ నీళ్ళు వడకట్టకుండా తాగినవారి ఒంట్లో పురుగు ఏడాదిపాటు పెరిగి, గజం పొడవున కాలిలోంచి బయటికొచ్చేది. దీనికి టీకా లేదు, మందూ లేదు. బీదల జబ్బు కదా, మందు కనిపెట్టినా కొనేదెవరు?

1986లో లోకంలో 35 లక్షలమంది దీని పాలబడ్డారు. అమెరికా మాజీ అధ్యక్షుడు కార్టరు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆయా దేశాలవారూ కలిసి వడపోత గుడ్డలు పంచారు. సూడానులో అంతర్యుద్ధం. ఊళ్ళలోకి పోవటమెలా? 1995లో కార్టరు ఇరుపక్షాలనూ ఒప్పించి, ఇంచుమించు ఆరు నెలలు యుద్ధం ఆపించాడు. ఒక పురుగు కోసం!

మన దేశానికి ఈ పీడ విరగడైందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. 2024లో ప్రపంచమంతటా 15 మందికే వచ్చింది. కాని చాద్ దేశంలో కుక్కలకూ ఈ పురుగు పడుతున్నది. అవి చెరువుల్లో దిగకుండా కట్టేసినవారికి అక్కడ బహుమానం ఇస్తున్నారు.