పారేసే పళ్లెం ఖరీదెంత?

సిద్దిపేటలో దావత్ ముగిశాక ఒకసారి ఫంక్షన్ హాల్ వెనక్కి వెళ్లి చూడండి. బగారా అన్నం అంటిన పేపర్ ప్లేట్లు, సగం తాగి వదిలేసిన నీళ్ల గ్లాసులు, చెంచాలు, ఎముకలు అన్నీ ఒకే కుప్పలో ఉంటాయి. ఆ అన్నం విడిగా ఉంటే బుస్సాపూర్ ప్లాంటులో బయోగ్యాస్ అవుతుంది. ప్లేట్లతో కలిసిపోతే అటు గ్యాసుకూ పనికిరాదు, ఇటు ప్లేటును కొనేవాడూ ఉండడు.

ఈ చిక్కును సిద్దిపేట చాలా పట్టణాలకంటే ముందే పట్టుకుంది. చెత్తను వేరు చేయడం నేర్పడానికి స్వచ్ఛ బడి పెట్టింది. దావత్‌ల కోసం స్టీల్ బ్యాంకులు తెరిచింది. ఇంట్లో పెళ్లో, పుట్టినరోజో ఉంటే పళ్లేలు, గ్లాసులు, గిన్నెలు అక్కడి నుంచి తెచ్చుకుని, వాడుకుని తిరిగి అప్పగించవచ్చు. దేశమంతా చూడాల్సిన పని ఇది. అయితే ఇదంతా ఇష్టమున్నవాళ్లు చేసే మంచిపనిగానే నడుస్తోంది. ఇష్టం లేనివాళ్లను అడిగేవారు లేరు.

ఐరోపా నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇక్కడే. ఫ్రాన్స్ 2020లో చేసిన చట్టం ప్రకారం, 20 మంది, అంతకు మించి కూర్చునే హోటళ్లలో అక్కడే తినేవారికి 2023 జనవరి 1 నుంచి కడిగి వాడుకునే పళ్లేలు, గ్లాసులే పెట్టాలి. బర్గర్ దుకాణాలకూ అదే నియమం. జర్మనీలో అదే రోజు నుంచి, చిన్న దుకాణాలను మినహాయించి, పార్సిల్ ఇచ్చేవారు మళ్లీ వాడే డబ్బాలోనూ ఇవ్వాలి. డిపాజిట్ తీసుకోవచ్చు గానీ అందుకని తిండి ధర పెంచకూడదు.

ట్యూబింగెన్ ఇంకో అడుగు వేసింది. సిద్దిపేటకంటే చిన్న జర్మన్ పట్టణం అది. 2022 నుంచి పారేసే కప్పుకు, ప్లేటుకు 50 సెంట్లు, చెంచాకు 20 సెంట్లు దుకాణదారుల దగ్గర వసూలు చేస్తోంది. కడిగి వాడే సామాను కొనుక్కునే దుకాణాలకు సాయమూ చేసింది. ఒక మెక్‌డొనాల్డ్స్ ఫ్రాంచైజీ కోర్టుకెక్కితే, ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం పట్టణానికి ఆ పన్ను వేసే హక్కుందని తేల్చింది. ఆ తీర్పు 2025 జనవరిలో వెలువడింది.

మనకూ చట్టం లేకపోలేదు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలపై 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. పేపర్ ప్లేట్లు మాత్రం ఆ జాబితాలో లేవు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలైతే, లైసెన్సు లేని చోట వంద మందికి మించి జనాన్ని పిలిస్తే మూడు పనిదినాల ముందే మున్సిపాలిటీకి చెప్పాలని, ఫీజు కట్టాలని, చెత్త వేరు చేసి ఇవ్వాలని అన్నాయి. ఇంటి ముందు టెంటు వేసి వంద మందికి మించి పిలిచే ప్రతి ఇంటికీ వర్తించే మాట ఇది. పాటించేవారు ఎందరు?

ఫ్రాన్స్ నియమం పెట్టింది, పళ్లేలు హోటళ్లనే కొనుక్కోమంది. సిద్దిపేట పళ్లేలు సమకూర్చింది, నియమం మాత్రం పెట్టలేదు. అందుకే మిగిలిన పని ఇక్కడ తేలిక. ఫంక్షన్ హాల్ లైసెన్సు ఇచ్చేటప్పుడే కడిగే సామాను, కడిగే చోటు తప్పనిసరి చేయాలి. పారేసే ప్లేట్లే కావాలనేవారి నుంచి ప్లేటు లెక్కన ఫీజు తీసుకోవాలి. ఆ డబ్బు స్టీల్ బ్యాంకుల్లో అంట్లు కడిగే ఆడవాళ్ల కూలికి, పోయిన గ్లాసుల భర్తీకి వాడాలి. మోదుగాకు విస్తరిని మాత్రం ఈ ఫీజు నుంచి వదిలేయాలి. అది అన్నంతోపాటే మట్టిలో కలిసిపోతుంది.

ఈరోజు పేపర్ ప్లేటు చవగ్గా కనిపిస్తోందంటే, దాన్ని ఎత్తే కార్మికురాలి శ్రమ, మోసే బండి ఖర్చు దాని ధరలో లేవు కాబట్టే. దావత్‌కు పిలుపు లేనివాళ్లు కూడా ఆ ఖర్చు భరిస్తున్నారు. దాన్ని దావత్ చేసేవారి లెక్కలోకి చేరిస్తే చాలు, కడిగే పళ్లెమే చవకని ఎవరికి వారే తేల్చుకుంటారు.