తలుపు వేసి మాట్లాడనివ్వండి

తాడేపల్లిగూడెం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. పేరు వేయవద్దన్నారు, వేయడం లేదు. అందులో ముఖ్యమైన భాగం యిది:

"మా కోడలు పురిటికి పుట్టింటికి వెళ్లి, అయిదో నెలలో బిడ్డతో మా యింటికి వచ్చింది. లక్షణమైన పిల్ల, చదువుకున్నది. వచ్చిన దగ్గర్నుంచీ ఏదో పోగొట్టుకున్నదానిలా వుంటోంది. బిడ్డ ఏడిస్తే తనూ ఏడుస్తుంది. బిడ్డ నిద్రపోయినా తను నిద్రపోదు. అన్నం కలిపి వదిలేస్తుంది. దిష్టి తీశాను, తాయెత్తు కట్టించాను. హైదరాబాదులో వున్న మా అబ్బాయి, ఫోనులో వీడియో ద్వారా మాట్లాడే ఒక మానసిక నిపుణురాలిని కుదిర్చాడు. మూడుసార్లు మాట్లాడింది. నేను పక్కనే కూర్చుని విన్నాను. ఆవిడ 'ఎలా వున్నారు' అంటుంది, మా పిల్ల 'బాగానే వున్నానండీ' అంటుంది. దానికి ఒక్కొక్కసారికి పదిహేను వందలు! ఈ ఫోను వైద్యం మాకు పనికి వస్తుందంటారా? లేకపోతే ఎవరికి చూపించాలి? పిచ్చాసుపత్రికి తీసుకువెళితే నలుగురూ ఏమంటారు?"

అమ్మా, మీ ప్రశ్నకు సగం జవాబు మీ ఉత్తరంలోనే వుంది. "నేను పక్కనే కూర్చుని విన్నాను" అన్నారు చూడండి, అక్కడ. అత్తగారు పక్కన వుండగా ఏ కోడలైనా 'బాగానే వున్నానండీ' అనక మరేమంటుంది? మీరు ఆరళ్లు పెట్టే అత్తగారు కారని మీ ఉత్తరమే చెబుతోంది. కానీ ఆ పిల్ల చెప్పుకోవలసింది మీ గురించే కావచ్చు, మొగుడి గురించి కావచ్చు, కన్నతల్లి గురించి కావచ్చు. తన బిడ్డ మీద తనకు ప్రేమ కలగడం లేదని కావచ్చు. ఆ చివరి మాట ఒక తల్లి నోటి నుంచి రావాలంటే గదిలో మూడో మనిషి వుండకూడదు. ముప్ఫై వేలు పోసినా రాదు.

ఇక జబ్బు సంగతి. కాన్పయిన మూడో రోజునో నాలుగో రోజునో కారణం లేకుండా కన్నీళ్లు రావడం చాలామంది బాలింతలకు మామూలే. రెండు వారాల్లో తగ్గిపోతుంది. నిద్రా, చేతిసాయమూ వుంటే చాలు. మీ కోడలికి నెలలు గడిచాయి కనుక యిది అది కాదు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. అవునో కాదో డాక్టరు చూసి చెప్పాలి. గాలీ కాదు, ధూళీ కాదు, బద్ధకం అంతకన్నా కాదు. కొందరికి కాన్పు తర్వాత థైరాయిడ్ గ్రంథి గతి తప్పుతుంది. కొందరికి రక్తం తగ్గిపోతుంది. అప్పుడు కూడా యిలాంటి నీరసమూ చికాకూ వుంటాయి. ఫోనులో కనిపించే నిపుణురాలు ఎంత గొప్పదైనా రక్తం తీసి పరీక్షించలేదు కదా! అందుచేత ముందు కాన్పు చేసిన డాక్టరమ్మకే చూపించండి. బాలింతల కోసం 1987లో బ్రిటన్‌లో తయారైన ఎడింబరో ప్రశ్నావళి అని ఒకటి వుంది. పదే పది ప్రశ్నలు, అయిదు నిమిషాల పని. జబ్బు ఫలానా అని అది తేల్చదు గాని, ఇంకా పెద్ద డాక్టరుకు చూపించాలో వద్దో చెబుతుంది.

ఒక్క సంగతి మాత్రం మరచిపోవద్దు. బాలింత రెండు మూడు రాత్రులు కన్ను మూయకుండా, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఎవరివో మాటలు వినిపిస్తున్నాయన్నా, తను చచ్చిపోతానన్నా, బిడ్డను ఏమైనా చేస్తానన్నా, అప్పుడిక ఫోను వైద్యం మాట వద్దు. ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. తల్లినీ బిడ్డనూ క్షణం ఒంటరిగా వదలరాదు. ఇది ఎక్కువగా కాన్పయిన తొలి వారాల్లో వస్తుంది. భయంకరంగా కనిపిస్తుంది గాని వైద్యానికి లొంగే జబ్బే.

ఉత్తరంలో మరోచోట "మాటలతో జబ్బు పోతుందా?" అని కూడా అడిగారు. పోతుంది. పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లా పల్లెల్లో, గర్భిణిగా వున్నప్పుడే దిగులు పట్టుకున్న తల్లుల యిళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి, ఒక పద్ధతి ప్రకారం మాట్లాడారు. వాళ్లు డాక్టర్లు కారు, తర్ఫీదు పొందిన పల్లె స్త్రీలు. ఆ ఫలితాలు 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి, ఆ పద్ధతిలో మాట్లాడిన తల్లుల్లో నూటికి 23 మందికి దిగులు మిగిలింది. మామూలుగా వెళ్లి పలకరించిన తల్లుల్లో 53 మందికి మిగిలింది. మందులు లేకుండా యింత తేడా! అయితే వాళ్లు యిళ్లకు వెళ్లి, ఎదురుగా కూర్చుని మాట్లాడారని గుర్తుంచుకోవాలి. దిగులు బాగా ముదిరితే మాటలొక్కటే చాలవు, మందు కావాలి. పాలిచ్చే తల్లికి యివ్వదగిన మందులు వున్నాయి, డాక్టరు చూసి యిస్తారు.

ఎవరికి చూపించాలి? సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.యస్. చదివి, ఆపైన మానసిక వైద్యం చదివిన డాక్టరు. మందు వ్రాయగలిగేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేస్తారు, మందు వ్రాయరు. వీరి పేరు ఢిల్లీలోని పునరావాస మండలి, అంటే ఆర్.సి.ఐ. రిజిస్టరులో వుండాలి. ఆ నెంబరు అడగడం అమర్యాద కాదు. బంగారం కొనేటప్పుడు హాల్‌మార్కు చూడమా? ఇక కౌన్సెలర్ అన్న మాట వుంది చూశారూ, దాన్ని రెండేళ్లు శ్రద్ధగా చదువుకున్నవారూ పెట్టుకుంటున్నారు, రెండు వారాలు చదివినవారూ పెట్టుకుంటున్నారు. ఎక్కడ చదివారు, ఎవరి దగ్గర పనిచేశారు, బాలింతలను చూసిన అనుభవం వుందా అని అడగండి. సూటిగా జవాబు చెప్పనివారికి నమస్కారం పెట్టేయండి.

ఫోను వైద్యాన్ని నేను కొట్టిపారేయను. ఆరు నెలల పసిగుడ్డును చంకనేసుకుని వారం వారం బస్సెక్కనక్కర్లేదు. చిన్న ఊళ్లో ఆ డాక్టరు గుమ్మం ముందు మీ స్కూటరు కనిపించిందని ఎవరూ ఆరా తీయరు. తెలుగులో మనసు విప్పి మాట్లాడే మనిషి ఏ ఊళ్లో వున్నా దొరుకుతుంది. కానీ దీనికి మంచి సిగ్నల్ కన్నా ముందు ఒక తలుపు కావాలి. మన యిళ్లలో అదే దొరకదు. ఆ ముప్పావుగంట బిడ్డను మీరెత్తుకుని వీధి చివరి దాకా తిప్పి తీసుకురండి. హాల్లో మామగారి చేత టీవీ కాస్త పెద్దగా పెట్టించండి. సీరియల్ వల్ల యింటికి మేలు జరిగే పూట అదొక్కటే. డాబా మీది గది అయినా సరే, నిలిపివున్న కారులోనైనా సరే. అలా నాలుగైదుసార్లు ఒంటరిగా మాట్లాడాక కూడా మార్పు లేకపోతే, అప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషిని వెతకండి. ఫోనులో చూసే డాక్టరు కొన్ని రకాల మందులు వ్రాయకూడదని 2020 నాటి టెలీమెడిసిన్ నిబంధనల్లో వుంది. 'ఫోనులోనే నిద్రమాత్రలు వ్రాయించు' అని మీ అబ్బాయి పట్టుబడితే యీ మాట చెప్పండి.

బయటికి వచ్చాక "ఏం చెప్పావే?" అని అడగకండి. ఆ నిపుణురాలినీ అడగకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆమె ఆ మాటలు గుట్టుగా వుంచాలి, ప్రాణాపాయం వంటి సందర్భాల్లో తప్ప.

డబ్బు భారమైతే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ వుంది. 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, రుసుము లేదు. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం వుంటుంది. జ్వరానికి తీసుకున్నట్టే ఓ.పి. చీటీ తీసుకోవడమే. నలుగురూ ఏమంటారో నాకూ తెలుసు. ఆ నలుగురిలో ఎంతమంది రాత్రిపూట మీ మనవడిని ఎత్తుకుంటున్నారు?

మరొక మాట. మీ ఉత్తరం నాలుగు పేజీల్లోనూ మీ అబ్బాయి డబ్బు పంపినట్టు వుంది గాని, వచ్చినట్టు లేదు. సెలవు పెట్టి ఒక వారం రమ్మనండి.

ఇటువంటిదే డల్లాస్ నుంచి ఒక చిన్న ప్రశ్న: "ఇక్కడ బాలింతగా వున్నాను. ఇండియాలో వున్న తెలుగు డాక్టరుతో వీడియోలో వైద్యం చేయించుకోవచ్చునా?" మన 2020 నిబంధనలు దేశం బయట వున్న రోగులకు వర్తించవు. అమెరికాలో లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి వుంటుంది. రోగి ఎక్కడ కూర్చుని మాట్లాడుతుందో ఆ రాష్ట్రంలో అనుమతి వున్నవారే చూడాలి. మీ రాష్ట్రంలో అనుమతి వున్న, తెలుగు వచ్చిన నిపుణుల కోసం వెతకండి. ఈలోగా తల్లుల కోసమే అక్కడి ప్రభుత్వం 2022లో పెట్టిన 1-833-852-6262కు ఫోను చేయండి. దుబాసీ కావాలని అడగడానికి మొహమాటపడకండి.