జీపుకి సోకులు సరే, సేవ ఎవరు చేస్తారు?

ఆదివారం పొద్దున్నే ఇడ్లీ పిండి కలుపుకునే బేసిన్ కనబడకపోతే మా ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేదు. వసారా దాటి కొబ్బరి చెట్టు కిందకి వెళ్తే చాలు. అందులో డీజిల్ పోసి, బేరింగులు నానబెట్టుకుని, చేతులు మోచేతుల దాకా నల్లగా చేసుకుని కూర్చుని ఉంటారు మా వారు. "ఏమండీ, అది నా బేసిన్" అంటే, "కడిగి ఇచ్చేస్తాను కదా" అంటారు. డీజిల్ వాసన వచ్చే బేసిన్‌లో ఇడ్లీ పిండి ఎవరు కలుపుకుంటారండీ? చివరికి అది ఆయనకే రాసిచ్చేసి నేను కొత్తది కొనుక్కున్నాను.

మాది జంగారెడ్డిగూడెం. మా మావయ్యగారు పొగాకు రైతు. ఆయన కొన్న 1992 మోడల్ మహీంద్రా ఎంఎం 540 జీపు ఇప్పటికీ మా పెరట్లోనే ఉంది. ప్యూజో డీజిల్ ఇంజను, నాలుగు చక్రాలకీ శక్తి అందించే రెండో గేరు కర్ర, ఎద్దుల బండిలా కుదిపే కమాన్ కట్టలు. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. అయినా వానాకాలంలో మా పొలం దారిలో కార్లు కూరుకుపోతే, తాడు కట్టి లాగేది ఈ ముసలిదే. మావయ్యగారు పోయి ఆరేళ్ళయింది. అత్తయ్యగారు ఇప్పటికీ దాన్ని "మీ మావయ్య బండి" అంటారు. అందుకే అమ్మేద్దామన్న మాట నేను ఏనాడూ అనలేదు. మా వారితో నా గొడవ బండి గురించి కాదు, దానికి చేయించే సోకుల గురించి.

మూడేళ్ళ క్రితం నేను పాడుకున్న చీటీ డబ్బు 90 వేలు ఇంట్లో ఉంది. వంటింటి గట్టు మార్పిద్దామని నా ఆలోచన. మా వారికి మాత్రం ఫోన్‌లో రోజూ కనబడే జీపులు తలకెక్కాయి. నడుమెత్తు టైర్లు, ముందు ఇనప గార్డు, నెత్తి మీద లైట్ల వరస. "నాన్న జీపుని కొత్తగా నిలబెడతాను, ఊళ్ళో అందరూ ఆగి చూస్తారు" అన్నారు. ఆ ముఖంలో వెలుగు చూసి నేను కాదనలేకపోయాను. డబ్బంతా టైర్లకీ, రిమ్ములకీ, లైట్లకీ అయిపోయింది. నిజంగానే ఊళ్ళో అందరూ ఆగి చూశారు.

ఆ కార్తీకంలో అందరం గుబ్బల మంగమ్మ తల్లి దర్శనానికి బయల్దేరాం. బుట్టాయగూడెం దాటాక అడవి దారి ఎలా ఉంటుందో వెళ్ళినవాళ్ళకి తెలుసు. రాళ్ళు, వాగులు, దిగుడు, ఎక్కుడు. వెళ్ళేటప్పుడు బండి ఏనుగులా వెళ్ళింది. పిల్లలు కేరింతలు. తిరుగుదారిలో వాగు దాటి చిన్న దిగుడు దిగుతున్నాం. ముందు ఒక మోటార్ సైకిల్ మీద మొగుడూ పెళ్ళాం, మధ్యలో పసిపిల్ల. మా వారు బ్రేకు తొక్కారు. బండి ఆగలేదు. మళ్ళీ తొక్కారు. అప్పటికీ ఆగలేదు. ఏం తోచిందో, స్టీరింగ్ పక్కకి తిప్పి ఈత పొదల్లోకి పోనిచ్చారు. మా అమ్మాయి గడ్డానికి ముందు రాడ్డు తగిలి మూడు కుట్లు పడ్డాయి. అత్తయ్యగారు ఒళ్ళో ఉన్న మా చిన్నవాణ్ణి రెండు చేతులతో అదుముకుని అలాగే ఉండిపోయారు. ఆ పూట ఇంటికొచ్చేదాకా ఎవరం మాట్లాడలేదు.

మర్నాడు, మావయ్యగారి కాలం నుంచి ఆ బండి చూసే మెకానిక్ బాబాయ్‌ని పిలిపించాం. చక్రాలు విప్పి చూసి, ముందు మా వారిని చూసి, తర్వాత నన్ను చూశాడు. వెనక బ్రేకు లైనింగులు అరిగిపోయి ఉన్నాయి. ఒక వైపు బ్రేకు ఆయిల్ కారుతోంది. ఈ బండికి ఉన్నవి డ్రమ్ము బ్రేకులు. నీళ్ళలో దిగితే లోపల తడిసి, ఆరేదాకా పట్టు ఉండదు. "మీ మావయ్యగారు వాగు దాటగానే మెల్లగా పోతూ నాలుగైదుసార్లు బ్రేకు తొక్కి ఆరబెట్టుకునేవారమ్మా" అన్నాడు. దానికి తోడు ఆ బరువైన టైర్లు. పెద్ద చక్రాన్ని ఆపాలంటే పాత బ్రేకుకి ఎక్కువ కష్టం. స్టీరింగు కీళ్ళకీ ఎక్కువ బరువే. ఇంకో సంగతి కూడా చెప్పాడు. టైరు పదో వంతు పెద్దదైతే, మీటరు 50 చూపించేటప్పుడు బండి నిజంగా 55లో పోతుందట. అంటే మేం నెమ్మదిగా పోతున్నాం అనుకున్నది కూడా నిజం కాదు.

90 వేలు ఖర్చు పెట్టిన బండిలో, అప్పుడు రెండు మూడు వేలతో అయిపోయే బ్రేకు లైనింగులు ఎవరూ మార్చలేదు. ఎందుకు మార్చలేదు? లైనింగులు మార్చితే ఎవరూ ఆగి చూడరు కాబట్టి.

ఈ సంగతి మనకి కొత్తేం కాదు. వంటింటికి కొత్త చిమ్నీ పెడితే వచ్చినవాళ్ళందరూ మెచ్చుకుంటారు. ఆ చిమ్నీ జిడ్డు నెలనెలా కడిగేవాళ్ళని ఎవరు చూస్తారు? పప్పుల డబ్బాల్లో పురుగు పట్టకుండా ఎండబెట్టేది, గ్యాస్ ట్యూబు పాతబడిందని గుర్తుపెట్టుకుని మార్పించేది, పిల్లలకి టీకా తేదీ ఎప్పుడో చూసేది, ఇవన్నీ కంటికి కనబడని పనులు. చేసినన్నాళ్ళూ ఎవరికీ తెలియదు, మానేసిన రోజునే తెలుస్తుంది. పాత బండి కూడా అచ్చం ఇల్లులాంటిదే. దానికి కావలసింది కొత్త నగలు కాదు, రోజూ కనిపెట్టుకుని ఉండే మనిషి.

గాడ్రెజ్ బీరువాలో మావయ్యగారి పాత డైరీలు ఉంటే తీశాను. వడ్ల లెక్కలు, కూలీల లెక్కల మధ్యలో జీపు లెక్క. ఏ తేదీన ఇంజనాయిల్ మార్చారో, కమాన్లకి గ్రీజు ఎప్పుడు కొట్టించారో, డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్ళు ఎప్పుడు వదిలారో, అన్నీ రాసుకున్నారు. అది చూసి నేనూ ఒక నోటుబుక్కు మొదలుపెట్టాను. బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకోసారి మార్చాలని అందులో రాసుకున్నాను. బురదలో తిరిగొచ్చాక కింద భాగం కడిగి ఆరబెట్టాలని రాసుకున్నాను. ఇనప పెనం తడిగా వదిలేస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా?

ఇంట్లో రిపేరుకి కూడా కొన్ని కట్టుబాట్లు పెట్టాను. బండిని జాకీ మీద ఎత్తి, కింద ఇనప స్టాండ్లు పెట్టకుండా, చక్రాలకి అడ్డు వేయకుండా ఎవరూ కిందకి దూరకూడదు. జాకీ జారితే మనిషి దక్కడు. ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకూడదు. తీసిన పాత ఆయిల్ కొబ్బరి చెట్టు మొదట్లోనో మురుక్కాలవలోనో పోయకూడదు, డబ్బాలో పట్టి మెకానిక్ బాబాయ్‌కి ఇవ్వాలి. మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. స్టెప్నీ మార్చడం నేర్చుకుంది. ఆడపిల్లకి ఇదెందుకని చుట్టాలు నవ్వారు. గడ్డం మీద కుట్ల మచ్చ ఉన్న పిల్ల అది, ఆ బండి గురించి తెలుసుకునే హక్కు దానికే ఎక్కువ ఉంది.

కొంతమంది స్నేహితురాళ్ళు నాతో అంటారు, "పోనిద్దూ, మగవాళ్ళకి ఏదో ఒక పిచ్చి ఉంటుంది, తాగుడు కంటే నయం కదా" అని. ఆ మాట నాకు నచ్చదు. తాగుడుతో పోల్చి చూసుకుంటే ఏదైనా నయంగానే కనబడుతుంది. ఇంటి డబ్బు ఎటు పోతోంది, పిల్లలు ఎక్కే బండి ఎలా ఉంది అని అడగడం సతాయింపు ఎందుకవుతుంది? మా వారి సరదా నాకు పగ కాదు. తండ్రి చెయ్యి తగిలిన బండిని ఒక కొడుకు తన చేత్తో బాగుచేసుకోవడం నాకూ ముచ్చటే. అయితే ఆ ప్రేమ నెత్తి మీద లైట్లలో కన్నా బ్రేకు లైనింగులో కనబడాలంటాను నేను.

చట్టం కూడా ఊరుకోదు. ఆర్సీలో ఉన్న వివరాలకీ కంపెనీ చేసిన తీరుకీ భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. ముందు బిగించే ఇనప గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 చివర్లోనే రాష్ట్రాలకి రాసింది. సొంత బండికి పదిహేనేళ్ళు దాటాక అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, అప్పుడు బండిని చూపించాలి. ఆ రోజు ఈ సోకులన్నీ విప్పుకోవాల్సిందే. మా వారు గార్డు విప్పేశారు. పెద్ద టైర్లు అమ్మితే సగం డబ్బు కూడా రాలేదు. మళ్ళీ పాత సైజు టైర్లు వేయించాం. నా వంటింటి గట్టు ఇంకా పాతదే.

మొన్న ఆయనే నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టారు. "ముందు చక్రాల బ్రేకు పైపులు పగుళ్ళిచ్చాయి, మార్చాలి. నువ్వు రాయలేదేం?" అన్నారు. నిజమే, నేను చూడలేదు. రాసుకున్నాను.

మీ ఇంట్లో పాత జీపు లేకపోవచ్చు. స్కూటీయో, కారో, ఆటోయో ఉంటుంది. ఈ రాత్రి భోజనాలయ్యాక ఒక్క ప్రశ్న అడగండి: దీని బ్రేకులు ఆఖరిసారి ఎప్పుడు విప్పి చూశారు? జవాబు వెంటనే రాకపోతే, రేపే మెకానిక్ దగ్గరికి పంపించండి. సీటు కవర్లు వచ్చే నెల చూసుకోవచ్చు.