చారాణా కోడికి బారాణా మసాలా!

ఎస్టీడీ బూత్‌లో మాట్లాడిన రోజులు గుర్తున్నాయా? చెవి ఫోన్ దగ్గరున్నా కళ్లు మాత్రం ఎదురుగా గిర్రున తిరిగే ఎర్రటి అంకెల మీదే! ఊరు ఎంత దూరమైతే మీటరు అంత జోరు. దేశంలో ఫోన్ చేసుకోవడానికి ఇప్పుడు ఆ బెంగ లేదు. కానీ దూరాన్ని బట్టి డబ్బు వసూలు చేసే పద్ధతి మరోచోట బతికే ఉంది. అదే క్లౌడ్. కాకపోతే అక్కడ మీటరు కంటికి కనపడదు!

క్లౌడ్ అంటే ఆకాశంలో మబ్బేం కాదు. నేలమీద కట్టిన భవనాల్లో వరసగా పేర్చిన కంప్యూటర్లే. అలాంటి భవనాలున్న ఒక్కో ప్రాంతాన్నీ ‘రీజియన్’ అంటారు. అమెజాన్ క్లౌడ్ విభాగం 2016లో ముంబయిలో, 2022లో హైదరాబాద్‌లో రీజియన్లు తెరిచింది. ఒకే రీజియన్‌లో క్యూకీ సర్వర్‌కీ మధ్య సమాచారం తిరిగితే రవాణా ఖర్చు ఉండదు. పొలిమేర దాటిందా... గిగాబైటుకు ఇంతని పడుతుంది.

ఇద్దరు కుర్రాళ్లు కలిసి ఓ ఆప్ తయారుచేశారనుకోండి. క్లౌడ్ ఖాతాకు ఇచ్చిన కార్డు మాత్రం నాన్నది. ఆర్డర్లన్నీ ముంబయిలోని క్యూలో పడతాయి. క్యూ అంటే పోస్టుడబ్బా లాంటిదే. ఒక ప్రోగ్రామ్ ఉత్తరం వేస్తుంది, మరోటి తీసుకుంటుంది. నేర్చుకునేటప్పుడు చూసిన నమూనా కోడ్‌లో అమెరికా రీజియన్ పేరుంటే దాన్ని అలాగే ఉంచేశారు. దాంతో ఉత్తరాలు తీసుకునే సర్వర్ వర్జీనియాలో వెలిసింది. ఆప్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎవరికీ అనుమానం రాదు!

ఇప్పుడు లెక్క చూద్దాం. అమెజాన్ క్యూలో 10 లక్షల రిక్వెస్టులకు 40 సెంట్లు. వేయడం, తీయడం, చెరపడం... ఒక్కో సందేశానికి మూడు రిక్వెస్టులు. అంటే 10 లక్షల సందేశాలకు 1.20 డాలర్లు. ఒక్కోటి 60 కిలోబైట్లయితే మొత్తం 60 గిగాబైట్లు. ముంబయి నుంచి వేరే దేశానికి గిగాబైటుకు సుమారు 8.6 సెంట్ల చొప్పున రవాణాకే అయిదు డాలర్ల పైమాట. కోడి ధరకు నాలుగింతలు మసాలా!

అయిదు డాలర్లేగా అనిపించొచ్చు. కానీ అదే సందేశాన్ని అయిదు దూరప్రాంతపు క్యూలకు పంపితే రవాణా అయిదింతలు. తీసుకున్న ప్రోగ్రామ్ ‘అందింది’ అని చెరపకపోతే అదే ఉత్తరం మళ్లీ సముద్రం దాటుతుంది. మళ్లీ ఛార్జీ! పైగా బిల్లులో ఈ ఖర్చు క్యూ పేరుతో కాక ‘డేటా ట్రాన్స్‌ఫర్’ పద్దులో కనిపిస్తుంది. చూసేసరికి నెల గడిచిపోతుంది.

గూగుల్ పబ్‌సబ్‌ది ఇంకో తీరు. అక్కడ సందేశం సాధారణంగా పంపినవారికి దగ్గర్లోని రీజియన్‌లో చేరుతుంది. తీసుకునేవారు దూరంగా ఉంటే ఆ దూరానికీ రుసుము పడుతుంది. ఏయే ప్రాంతాల్లో నిల్వ చేయాలో ముందే హద్దు పెట్టుకునే వీలుంది. కానీ అడిగేవారేరీ?

మందు తేలికే. డబ్బానీ, తీసుకునేవారినీ ఒకే ఊళ్లో పెట్టాలి. తప్పనిసరై దూరం పంపాల్సి వస్తే సందేశాన్ని కుదించాలి. బరువైన ఫొటోలు అసలు చోటే ఉంచి, దూరంలో అవసరమైనప్పుడు మాత్రమే తెచ్చుకునేలా చిరునామా పంపాలి. ఖాతా తెరిచిన రోజే బడ్జెట్ హెచ్చరిక పెట్టుకోవాలి. అయితే ఒక్క మాట... హెచ్చరిక అంటే తాళం కాదు. అది కబురు చెబుతుందంతే, ఖర్చును దానంతటదే ఆపదు. ఆ కబురు కూడా కాస్త ఆలస్యంగానే వస్తుంది.

అందుకే ఇంట్లో పిల్లలు కార్డు అడిగితే ఇవ్వండి. ఇస్తూ ఒక్కటే అడగండి... ‘పంపేదెక్కడ, అందుకునేదెక్కడ?’ అని. ఆనాడు బూత్‌లో ఎర్ర అంకెలు చేసిన పని ఆ ఒక్క ప్రశ్నే చేస్తుంది!